బాడుగకిచ్చింది ఇల్లా, దయా?

పెళ్ళిచూపులకీ అద్దె ఇంటి చూపులకీ ఒక్కటే తేడా. పెళ్ళిచూపుల్లో పిల్ల తరఫువాళ్ళకి కూడా నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు వుంటుంది.

అద్దె ఇంటి చూపుల్లో ఆ భాగ్యం లేదు. తలుపు తీసిన ఇల్లాలు మనల్ని పైనించి కిందికి ఒక్కసారి చూసి, "మీరేమిట్లు?" అంటుంది. అద్దె ఎంత ఇచ్చుకోగలరన్నది ఆ తర్వాత సంగతి. ఎంతమంది వుంటారు, పిల్లలు గోడల మీద గీతలు గీస్తారా, మీ అత్తగారు మీ దగ్గరే వుంటారా, ఆవిడ ఆరోగ్యం ఎట్లా వుంటుంది, నీసు వండుతారా, చుట్టాలు తరచు వస్తారా – అన్నీ అయ్యాక, మనం బెరుగ్గా "నీళ్ళు బాగా వస్తాయాండీ?" అంటాం. "మాకెప్పుడూ ఇబ్బంది లేదమ్మా" అంటుందావిడ. ఆ ఒక్క మాటకే సంతోషించి అడ్వాన్సు చేతిలో పెట్టి, పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టించుకుని వచ్చేస్తాం.

కొత్తగా కాపురం పెట్టబోయే పిల్లలకి పెద్దవాళ్ళు చెప్పే సలహా కూడా ఈ పద్ధతిలోనే వుంటుంది. "ఇంటివాళ్ళతో అణిగిమణిగి వుండండి. గట్టిగా మాట్లాడకండి. వాళ్ళొక మాట అన్నా పడి వుండండి. మన ఇల్లు కాదుగా!" అని. ఈ సలహాతోనే నాకు తగాదా. మంచిగా వుండటం వేరు, అణిగి వుండటం వేరు. నెల నెలా డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పుచ్చుకుంటున్నది ఇల్లయితే, అది వ్యాపారం. కొట్లో బియ్యం కొనేటప్పుడు కొట్టువాడు మన కులం అడగడు, ఆ అన్నంలోకి ఏం కలుపుకుంటామో అడగడు. డబ్బు తీసుకుంటాడు, బియ్యం కొలుస్తాడు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఈ వ్యాపారం కాస్తా దానధర్మంగా ఎందుకు మారిపోవాలి? డబ్బూ మనమే ఇచ్చి, దణ్ణమూ మనమే పెట్టాలా?

మా నెల్లూరు తీరంలో ఈ ప్రశ్న ఇప్పుడు మరీ ఎక్కువగా అడగవలసి వస్తోంది. ఒకప్పుడు ఇక్కడ అద్దె ఇల్లంటే బదిలీ మీద వచ్చే బ్యాంకువాళ్ళకీ, మేష్టర్లకీ, రైల్వే వాళ్ళకీ సంబంధించిన మాట. 1971లో శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం పనిచెయ్యడం మొదలెట్టాక సూళ్ళూరుపేట మారింది. 2008లో కృష్ణపట్నం రేవు కొత్తగా తెరిచారు; ఆ పక్కనే కరెంటు ప్లాంట్లు వచ్చాయి. తడ పక్కన శ్రీసిటీలో ఫ్యాక్టరీలు లేచాయి. రామాయపట్నంలో 2022లో రేవు పనులు మొదలయ్యాయి. అంచేత పుట్టింటి గడప దాటి ఎన్నడూ ఎరగని ఆడపిల్లలు, ఉద్యోగం చేతబట్టుకుని, నలుగురైదుగురు కలిసి గది వెతుక్కుంటున్నారు. అవతల ఒరిస్సా నించీ, బీహారు నించీ పెళ్ళాం పిల్లల్తో వచ్చిన పనివాళ్ళు వెతుక్కుంటున్నారు. వీళ్ళందరికీ ఇదే మొదటి అద్దె ఇల్లు. వీళ్ళకి "అణిగి వుండండి" అని కాక, ఇంకేదైనా పనికొచ్చే మాట మనం చెప్పొద్దా?

నాకు తెలిసినవి చెప్తాను. ఓపిగ్గా వినండి.

ఇల్లు చూడబోయేటప్పుడు నోరు తెరవాలి. అడగటానికే కాదు, నీళ్ళు రుచి చూడటానికి కూడా. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు తీరానికి దగ్గరగా వెళ్ళేకొద్దీ బోరు నీళ్ళలో ఉప్పదనం నాలిక్కి తెలుస్తుంది. సముద్రం ఎటూ పక్కనే వుంది. దానికి తోడు వరిచేలని తవ్వి రొయ్యల చెరువులు చేశారు. చెరువుల వల్ల తీరగ్రామాల మంచినీళ్ళు పాడవుతున్నాయన్న గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996 డిసెంబరులో తీర్పు కూడా వచ్చింది. తీర్పు వచ్చినా బోరులో ఉప్పు పోలేదు. "నీళ్ళు వస్తాయా?" అన్నది అరప్రశ్న. "తాగే నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకుంటారు? క్యాను ఎంత పడుతుంది? మోటారు ఎవరు వేస్తారు, రోజుకి ఎన్నిసార్లు వేస్తారు?" అన్నది పూర్తి ప్రశ్న. కుళాయి తిప్పి ఒక గుక్క నోట్లో పోసుకోండి. సబ్బు నురగ వస్తుందో లేదో చేతులు కడుక్కుని చూడండి. ఆవిడ ఏమనుకుంటుందో అని సందేహించకండి. గుమ్మడికాయ కొనేటప్పుడు తట్టి చూడమూ?

రెండో మాట. మాకు పెద్ద వానలు నైరుతిలో కాదు, దసరా దీపావళి వెళ్ళాక వస్తాయి. మే నెలలో చూసిన ఇల్లు నవంబరులో చెరువు. 1989 నవంబరు తుపాను పేరే కావలి తుపాను. 2015 నవంబరులో వానలు జిల్లాని ముంచాయి. 2021 నవంబరులో ఎగువన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పెన్నకి వరదొచ్చి, కోవూరు వైపు జాతీయ రహదారే కోసుకుపోయింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. కనక, "ఆ నవంబరులో ఈ వీధిలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?" అని అడగండి. ఇంటివాళ్ళని కాదు, ఎదురింటావిడని అడగండి. ఆవిడకి అబద్ధం చెప్పవలసిన అవసరం లేదు. పైకప్పు కూడా ఒకసారి తలెత్తి చూడండి. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే స్లాబు పెచ్చులూడుతుంది. కొత్తగా కొట్టిన రంగు వెనక పాత పెచ్చులు దాక్కునే వుంటాయి. ఇంట్లో బయటికి కనపడని పెద్ద లోపమేదైనా వుంటే ఇచ్చేవాళ్ళే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తోంది. తను చేయించవలసిన మరమ్మతుని యజమాని మాట ఇచ్చీ చేయించకపోతే, తగిన గడువిచ్చి చెప్పాక, అద్దెకున్నవాళ్ళే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని కూడా అందులోనే వుంది. 1882! మన ముత్తవ్వల కాలం. ఈ మాట మన చెవిని ఎవరూ వెయ్యలేదు. "అణిగి వుండండి" అన్న మాట మాత్రం తరతరాలుగా చెప్పుకొస్తున్నారు.

మూడోది కరెంటు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఏడాది తిరిగేసరికి ఒక పట్టుచీర ఖరీదు. "మీటరు ఒకటే అమ్మా, బిల్లు సగం సగం వేసుకుందాం" అంటారు. ఎంత న్యాయంగా వుందో చూడండి! కానీ మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటుకి మెట్లు మెట్లుగా ధర వుంటుంది. 2022లో ప్రకటించిన ధరల్లో మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు; 75 దాకా 3 రూపాయలు; 125 దాకా నాలుగున్నర; 225 దాకా 6; ఆ పైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. విడివిడి మీటర్ల మీద రెండు వాటాల వాళ్ళూ తలా 150 యూనిట్లు కాలిస్తే, పైన పడే చార్జీలు పక్కనపెట్టి, చెరొక 567 రూపాయలు. ఇద్దరిదీ కలిపి 1134. అదే 300 యూనిట్లూ ఒక్క మీటరు మీద తిరిగితే 1673. ఆ పై మెట్టు ఎక్కినందుకు నెలకి 539 రూపాయలు ఎగిరిపోయాయి. ఇదంతా ఇంటి ఇల్లాలికి తెలియక కాదు. రెండో మీటరు పెట్టించడం ఆవిడ ఖర్చు, పెట్టించకపోవడం మన ఖర్చు. అందుకని పెట్టించదు. ఇల్లు పుచ్చుకునే ముందే విడి మీటరు అడగండి. దిగిన రోజు అంకె కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

నాలుగోది కాగితం. "మన మధ్య కాగితాలెందుకమ్మా, మీరు మా పిల్లల్లాంటివాళ్ళు" అన్నప్పుడు మాత్రం చాలా జాగ్రత్తగా వుండాలి. కన్నపిల్లల దగ్గర అడ్వాన్సు తీసుకునే తల్లి ఎక్కడా లేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పాతబడిందని మన రాష్ట్రంలో 2017లో కొత్త అద్దె చట్టం చేశారు. రాతపూర్వకంగా ఒప్పందం లేకుండా ఇల్లు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అన్నది అందులో మొదటి పాఠం. అందరి ఇళ్ళల్లోనూ తిరిగే "11 నెలల అగ్రిమెంటు" కథ కూడా తెలుసుకోండి. ఏడాదికి మించిన లీజుని రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంది కనక, దాన్ని తప్పించుకోవడానికి పుట్టిన మంత్రం అది. మన రాష్ట్రంలో 1999లోనే ఆ సెక్షన్ని సవరించి, లీజు ఎన్నాళ్ళదైనా రిజిస్టరు చేయించాలన్నారు. మంత్రానికి శక్తి పోయింది, జపం మాత్రం పోలేదు.

ఆ కాగితంలో అడ్వాన్సు ఎంతో, అది ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారో, అద్దె ఎప్పుడు ఎంత పెంచుతారో, ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పుకోవాలో రాయించండి. 2021లో కేంద్రం ఒక నమూనా చట్టం తయారుచేసింది. నివాసానికైతే రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదనీ, ఇరవైనాలుగు గంటల ముందు చెప్పకుండా యజమాని లోపలికి రాకూడదనీ, తగాదా వచ్చిందని నీళ్ళూ కరెంటూ కట్టెయ్యకూడదనీ అందులో వుంది. నమూనా కనక రాష్ట్రాలు ఒప్పుకుని చట్టం చేస్తేనే దానికి బలం. కానీ చట్టం చెయ్యని మాటని ఇద్దరు మనుషులు కాగితం మీద ఒప్పుకోకూడదని ఎక్కడా లేదు కదా? ఖాళీ చేసేటప్పుడు "రంగులకి ఒక నెల అద్దె విరుస్తాం" అనే ఆచారం మీద కూడా ముందే మాట్లాడుకోండి. మామూలు వాడకానికి అరిగిన ఇల్లు, మనం పాడుచేసిన ఇల్లు కాదు. చట్టం కూడా ఆ తేడా ఒప్పుకుంది. అద్దె బ్యాంకు ద్వారా కట్టండి, లేదా రసీదు తీసుకోండి. రసీదు అనగానే మొహం మాడ్చుకునేవాళ్ళు, ఏడాదికి లక్ష దాటితే పాన్ నంబరు అడుగుతారని తెలిసి ఇంకా మాడ్చుకుంటారు. మాడ్చుకోనివ్వండి. ఆదాయప్పన్ను ఎగ్గొట్టడానికి మనం ఎందుకు సాయం పట్టాలి?

ఇంతవరకూ చెప్పింది డబ్బుల లెక్క. ఇది ఎవరైనా నేర్చుకోవచ్చు. అసలు చెప్పాలనుకున్నది ఇక ముందు.

"మీరేమిట్లు?" అన్న ప్రశ్న అంత తేలిగ్గా నోట్లోంచి ఎట్లా వస్తుంది మనకి? నెల్లూరు చేపల పులుసు పేరు బోర్డుల మీద రాసుకుని ఊరూరా హోటళ్ళు నడుస్తున్నాయి. ఆ చేప పట్టే పట్టపువాళ్ళ అబ్బాయి చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, టౌనులో ఇల్లు అడిగితే మాత్రం "నీసు వండేవాళ్ళకి ఇవ్వం బాబూ" అంటాం. పులుసు కావాలి, పులుసు పెట్టేవాళ్ళ వాసన అక్కర్లేదు. మాల మాదిగల పిల్లలకి ఆ మాట కూడా సూటిగా చెప్పం. "నిన్ననే వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు" అంటాం. టులెట్ బోర్డు మాత్రం మర్నాడు కూడా గేటుకి వేలాడుతూనే వుంటుంది. తురకవాళ్ళయితే వీధి చివరే చెప్పి పంపిస్తాం. భర్త లేని ఆవిడా, భర్తని వదిలేసి వచ్చిన ఆవిడా అయితే "మగదిక్కు ఎవరమ్మా?" అంటాం. అద్దె కట్టేది ఆవిడయితే మగదిక్కుతో మనకేం పని?

ఇది మర్యాదకి సంబంధించిన సంగతి మాత్రమే అనుకోకండి. అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఏ పేటలోనైనా ఇంట్లో కాపురం వుండనివ్వకపోవడం నేరమని 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలోనే వుంది. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో వున్నారు. వాళ్ళు అక్కడ దిగగానే ఫ్లాటు అద్దెకి దొరికింది. రంగు బట్టి, మతం బట్టి, పుట్టిన దేశం బట్టి ఇల్లు కాదనకూడదని అక్కడ 1968లో చట్టం చేసుకున్నారు. అక్కడివాళ్ళందరూ దేవతలై చేసింది కాదది. నల్లవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చింది. ఆ పోరాటం నీడలో మన పిల్లలు హాయిగా తలదాచుకున్నారు. వాళ్ళు పంపిన డబ్బుతో ఇక్కడ మనం మేడ మీద ఇంకో వాటా వేయించి, వచ్చినవాళ్ళని "మీరేమిట్లు?" అంటున్నాం! ఇదేం న్యాయం, చెప్పండి?

ఇంతకన్నా ఘోరం ఇంకొకటుంది. దాని గురించి మాట్లాడటం అమంగళం అంటారు. అమంగళమని మాట్లాడక పోవడం వల్లనే అది ఇన్నాళ్ళు సాగింది.

నేనెరిగిన ఒక కుటుంబం. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. పద్నాలుగేళ్ళు ఒకే ఇంట్లో అద్దెకున్నారు. ఇంటివాళ్ళ పిల్లలకి డబ్బు పుచ్చుకోకుండా లెక్కలు చెప్పారు. ఆ పిల్ల పెళ్ళికి పందిట్లో నిలబడి వడ్డించారు. ఆయనకి జబ్బు ముదిరింది. ఆస్పత్రివాళ్ళు "ఇంక ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. ఏ ఇంటికి? గేటు దగ్గర ఇంటావిడ నిలబడి వుంది. తిట్టలేదు, అరవలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకునే చెప్పింది – "మీ ఊరికి తీసుకుపోండమ్మా, మా ఇంట్లో వద్దు" అని. వాళ్ళకి ఊళ్ళో ఇల్లు ఎప్పుడో పోయింది. ఆ ఇల్లాలు ఆటోలో భర్త తల ఒళ్ళో పెట్టుకుని ఒకే మాట అంది: "పద్నాలుగేళ్ళు బాడుగ కట్టినాం గదమ్మా, పద్నాలుగు గంటలు ఇవ్వలేరా?"

దూరపు చుట్టాల గొడ్లపాకలో పోయాడాయన.

ఇది ఒక ఇంటి కథ అనుకుంటే పొరపాటు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు కూకట్‌పల్లిలో, డెంగీ జ్వరంతో పోయిన కొడుకుని ఆస్పత్రినించి తెచ్చిన తల్లిని యజమాని ఇంట్లోకి రానివ్వలేదని పత్రికలన్నీ రాశాయి. పదేళ్ళ పిల్లవాడి శవంతో ఆ తల్లి రాత్రివేళ వానలో రోడ్డు మీద వుండిపోయింది. అందరం చదివాం, అయ్యో అన్నాం. అయ్యో అన్నవాళ్ళలో ఎంతమందికి మేడ మీద అద్దె వాటా వుందో ఎవరు లెక్కపెట్టారు?

ఇంటావిడ పక్షం కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆవిడ రాక్షసి కాదు. ఆవిడకి పెన్షను లేదు. ఆ వాటా బాడుగే ఆధారం. "ధనిష్ఠా పంచకంలో ప్రాణం పోతే ఇల్లు ఆరునెలలు మూసెయ్యాలంటారు. మూసెయ్యకపోయినా, శవం లేచిన ఇల్లని తెలిస్తే ఇంకెవరూ చేరరు. నా గతేం కావాలి?" అంటుంది. ఆ భయం నిజమైందే. కాదనను.

కానీ రెండు సంగతులు ఆలోచించాలి. ఒకటి, నక్షత్రం మీద నమ్మకం ఆవిడది. నమ్మకం ఎవరిదైతే ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి కదా! ఏకాదశి ఉపవాసం మనం వుండి, ఆకలి పక్కింటివాళ్ళని పడమంటామా? ఇంటావిడ తల్లి ఆ ఇంట్లోనే కింది వాటాలో పోతే, ఇల్లు ఊడ్చుకుని, పుణ్యాహవాచనం చేయించుకుని, మళ్ళీ దీపం పెట్టుకుంటారు. ఆ పుణ్యాహవాచనం మేడ మీది వాటాకి ఎందుకు పనిచెయ్యదు? మంత్రానికి కూడా సొంతిల్లూ అద్దిల్లూ తేడా తెలుసా?

రెండోది, ఇంకా ముఖ్యమైంది. "ఎవరూ చేరరు" అంటోంది కదా, ఆ చేరనివాళ్ళు ఎవరు? మనమే. అద్దెకి వెళ్ళేవాళ్ళమే. ఇల్లు చూడబోయి, నీళ్ళు రుచి చూడం, మీటరు చూడం; పక్కింటికి వెళ్ళి గొంతు తగ్గించి, "ఈ ఇంట్లో ఎవరైనా పోయారాండీ?" అని అడిగి వస్తాం. మనం అడిగే ఆ ప్రశ్నే ఇంటావిడ చేత ఆ బడిపంతులు గారిని గేటు దగ్గర ఆపించింది. ఇవాళ చావు జరగని ఇల్లు వెతుక్కుంటున్నామంటే, రేపు మన చావుని కూడా ఆ ఇంట్లో జరగనివ్వద్దని మనమే సంతకం పెట్టి ఇస్తున్నామన్నమాట.

కొడుకు పోయి ఏడుస్తూ వచ్చిన కిసాగౌతమిని, చావు ఎరగని ఇంటినించి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడట బుద్ధుడు. పాపం ఊరంతా తిరిగినా ఆమెకి ఒక్క గింజ దొరకలేదు. ఇప్పుడు వచ్చి మా టౌనులో టులెట్ బోర్డులున్న ఇళ్ళకి వెళ్తే బస్తాలకొద్దీ ఆవాలు తెచ్చుకునేది. "మా ఇంట్లో ఎవరూ పోలేదమ్మా. పోయేవాళ్ళని ముందే పంపించేశాం" అని ప్రతి ఇల్లాలూ గర్వంగా కొలిచి ఇచ్చేది.

పుట్టుక సంగతీ ఇంతే. నెలలు నిండిన అమ్మాయిని చూసి, "పురుడు పుట్టింట్లోనే కదా? మాకు మైల పనికిరాదు" అనేవాళ్ళు ఇంకా వున్నారు. పుట్టడానికి వీల్లేదు, పోవడానికి వీల్లేదు. మధ్యలో వున్నన్నాళ్ళూ ఒకటో తారీకు తప్పకుండా అద్దె మాత్రం కట్టాలి. మనుషులు చేసే రెండు ముఖ్యమైన పనులకీ పనికిరాని దాన్ని ఇల్లు అని ఎందుకంటున్నాం? గోడౌను అందాం. సామాను పెట్టుకోవడానికి ఇచ్చామని బోర్డు రాద్దాం.

ఇదంతా మగవాళ్ళతో చెప్పుకోవలసిన గొడవ కాదా, ఆడవాళ్ళ పత్రికలో ఎందుకూ అంటారేమో. మన ఇళ్ళల్లో అద్దెకి ఎవర్ని పెట్టుకోవాలో తేల్చేది మనమే. ఆయన "నువ్వే చూసుకో" అని పేపరు చదువుకుంటాడు. గేటు దగ్గర ప్రశ్నలు అడిగేదీ మనమే. జవాబులు చెప్పుకుని తలవంచుకునేదీ ఇంకో ఆడదే. పైగా మనలో చాలామందిమి నిన్నటిదాకా అద్దె ఇళ్ళల్లో వున్నవాళ్ళమే. మోటారు కట్టేస్తే బకెట్లు మోసినవాళ్ళమే, చుట్టాలొస్తే గుట్టుగా లోపలికి తెచ్చుకున్నవాళ్ళమే. బ్యాంకు లోను తీసుకుని నాలుగు గోడలు లేపుకోగానే, అత్తరికం వచ్చిన కోడలిలాగా, పడ్డవన్నీ మరొకళ్ళ చేత పడేయిస్తున్నాం.

అద్దెకుండేవాళ్ళలో మంచివాళ్ళే వున్నారని నేననను. అద్దె ఎగ్గొట్టేవాళ్ళున్నారు, ఖాళీ చెయ్యకుండా కోర్టులకెక్కేవాళ్ళున్నారు. వాళ్ళకి మందు కాగితం, నోటీసు, చట్టం. నెలవారీ అద్దెకైతే పదిహేను రోజుల నోటీసు చాలని ఆ 1882 చట్టమే చెప్తోంది. అద్దె ఎగ్గొట్టేవాడికి కులం మందు కాదు. వాడు ఏ కులంలోనైనా వుంటాడు, పూర్తి శాకాహారి కూడా అయివుండవచ్చు.

ఆడవాళ్ళం అనుకుంటే ఏమవుతుంది అనేవాళ్ళకి మా జిల్లాలోనే జవాబుంది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించారు. రోశమ్మా, ఆమెతో నడిచినవాళ్ళూ కాలేజీల్లో చదివినవాళ్ళు కాదు. అక్షరదీపం వెలుగులో నాలుగక్షరాలు దిద్దుకున్నవాళ్ళు. 1993 అక్టోబరు 1 నాటికి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఊరినించి సారాని వెళ్ళగొట్టగలిగిన జిల్లాలో, గేటు దగ్గర ఒక ప్రశ్నని వెళ్ళగొట్టలేమా?

మొదటిసారి ఇల్లు చూడబోతున్న అమ్మాయికి నేను చెప్పేదిదీ. నీళ్ళు తాగి చూడు. ఎదురింటావిడని నవంబరు సంగతి అడుగు. మీటరు విడిగా వుందా చూడు. కాగితం రాయించుకో, రసీదు తీసుకో. "మీరేమిట్లు?" అంటే, "అద్దె ఇచ్చేవాళ్ళమండీ" అని నవ్వుతూ చెప్పు. ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని మాత్రం అడగకు. దానికి బదులు, "మా పెద్దవాళ్ళకి ఏదైనా అయితే ఈ గడపలోకి తీసుకురానిస్తారా?" అని అడుగు. అడిగి, ఆ జవాబుని కాగితంలో ఒక వాక్యంగా రాయించు. ఆవిడ ఉలిక్కిపడుతుంది. ఫరవాలేదు. పదిమంది అడిగితే పదకొండోసారి ఉలిక్కిపడదు.

ఇక, మేడ మీద వాటా వున్న అక్కయ్యలకి: ఎవరూ అడక్కముందే ఆ వాక్యం మీ కాగితంలో మీరే రాసి పెట్టండి. "ఈ ఇంట్లో వుండేవాళ్ళకి పుట్టడానికీ, పోవడానికీ ఈ గడప అడ్డు రాదు" అని. దానికి స్టాంపు ఖర్చు అదనంగా పడదు. నెలనెలా మీరు పుచ్చుకుంటున్న డబ్బుకి మీరివ్వవలసింది ఇల్లు. అది పూర్తిగా ఇవ్వండి.